అఖిల పదో తరగతి, మా చుక్క బర్రె

ఫిబ్రవరి మూడో మంగళవారం, తెల్లవారుజామున ఐదు గంటల ఇరవై నిమిషాలకు ఇది మొదలైంది. ఆ సమయం ఎలా గుర్తుందంటే, అప్పుడే నేను ఖాళీ చెంబుతో బర్రె కింద నుంచి లేచి, ఇవాళ కూడా పాలు లేవని గోడ గడియారం చూశాను.

దయ్యాలు, గాలి, దిష్టి, ఇవేవీ నేను నమ్మను. లాల్‌గడి మలక్‌పేట్ పాల కేంద్రంలో ముప్పై ఒక్క ఏళ్లు పాలు కొలిచి, వెన్న శాతం పరీక్షించాను. పాలు విరిగితే దిష్టి తగిలిందని చెప్పిన వాళ్లను క్యాన్ సరిగ్గా కడిగారా అని అడిగేదాన్ని. చాలాసార్లు కడిగి ఉండేవాళ్లు కాదు. కొలవగలిగిన దాన్నే మాట్లాడటం నాకు అలవాటు. కింద రాసినది కూడా అలాగే రాస్తున్నాను.

మా ఇంట్లో నలుగురం. నేను, నా కొడుకు నర్సింలు, కోడలు, మనవరాలు అఖిల. నర్సింలు ఊళ్లో పాలు పోగుచేసుకుని ట్రాలీ ఆటోలో పట్నంలో సుచిత్ర వైపు అపార్ట్‌మెంట్లకు వేస్తాడు. కోడలు ఒక ఫంక్షన్ హాల్ వంటశాలలో పనిచేస్తుంది. అఖిల ఆ ఏడు పదో తరగతి.

పిల్ల మొద్దు కాదు. కానీ పుస్తకం ముందు కూర్చుంటే ఏదో అయ్యేది. మూడు గంటలు కూర్చునేది, పుట మాత్రం తిరిగేది కాదు. చదివింది అప్పజెప్పమంటే మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయేది. ఫోన్ దాచి చూశాం. టీవీ తీగ పీకేశాం. ఇంటి చుట్టూ కొత్త ప్లాట్లకు బోర్లు వేస్తుంటే ఆ మోత వల్లనేమో అనుకున్నాం. మోత లేని రోజు కూడా అంతే. ప్రీ ఫైనల్లో లెక్కలకు పదిహేడు మార్కులు వచ్చాయి.

ఆ రోజు నర్సింలు అన్నం ముందు కూర్చుని చెప్పాడు. గట్టిగా కూడా అనలేదు.

"ఫెయిలైతే ఇగ బంద్ బిడ్డా. మనూరి పిల్లలు ముగ్గురు కంపెనీల ప్యాకింగుకు పోతున్నరు. బస్సు ఇంటి ముందలికే వస్తది. నువ్వు గూడ పోవుడే."

"నాకు పాలిటెక్నిక్ పోవాలనుంది బాపు."

"పోవాల్నంటే పాస్ గావాలె గదా. నేనేమన్న వద్దన్ననా?"

ప్లాట్లు కొలిచేవాళ్లు మూడు కాళ్ల స్టాండు మీద యంత్రం పెట్టి, ఒంటికన్నుతో చూస్తూ లెక్కలు చెబుతుంటే అఖిల గోడ ఎక్కి గంటలు గంటలు చూసేది. ఆ పని నేర్చుకోవాలని దాని కోరిక. అది లెక్కల్లో పాసైతేనే జరుగుతుంది. అంత సూటి విషయం.

ఇక బర్రె సంగతి. మా చుక్క బర్రె జనవరిలో ఈనింది. మూడు వారాలకు దుడ్డె పోయింది. తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. బర్రె పొదుగులో పాలున్నంత మాత్రాన పిండితే రావు. దుడ్డె వచ్చి నోరు పెడితే, అప్పుడు బర్రె పాలను చన్నుల్లోకి వదులుతుంది. దాన్ని చేపడం అంటాం. దుడ్డె పోయిన బర్రె చేపదు. చాలామంది సూది వేయిస్తారు. ఆ సూది పాలు నేను కేంద్రంలో ఉన్నప్పుడే ఒప్పుకోలేదు, ఇంట్లో ఎలా ఒప్పుకుంటాను? కొందరు దుడ్డె తోలులో గడ్డి కుక్కి పక్కన నిలబెడతారు. అదీ చేశాం. చుక్క ఒకసారి వాసన చూసి మొహం తిప్పేసుకుంది.

పన్నెండు రోజులు పాలు లేవు. ఆ మంగళవారం నేను చెంబు తీసుకుని లేస్తుండగా అఖిల పుస్తకంతో కొట్టంలోకి వచ్చి, గడ్డి మోపు మీద కూర్చుంది. ఇంట్లో నిద్ర ముంచుకొస్తోందంది. పైకి చదవడం మొదలుపెట్టింది. సాంఘిక శాస్త్రం, నదుల పాఠం. పది వాక్యాలు చదివిందో లేదో చుక్క మెడ వంచి, ఆ పిల్ల వైపు చెవులు తిప్పి, చేపింది. చన్నులు బిగుసుకుని నిండుగా వచ్చాయి. నేను మళ్లీ కూర్చున్నాను. నాలుగు లీటర్లు.

ఇందులో వింత లేదు. పశువుకు ఏ అలవాటైనా అవుతుంది, కొన్ని బకెట్ చప్పుడుకే చేపుతాయి. నాకు వింత అనిపించింది పిల్ల విషయంలో. అది చదవడం ఆపితే పాలు ఆగేవి. అందుకని ఆపడానికి వీల్లేకపోయింది. రోజూ పొద్దున, సాయంత్రం పాలు పిండేంతసేపు చదవాల్సిందే. పాల కోసం చదివిన పాఠాలు దానికి గుర్తుండటం మొదలైంది. కొట్టం బయట అడిగితే చెప్పలేనిది, చుక్క పక్కన నిలబడితే గడగడా చెప్పేది.

పక్కింటి యాదమ్మ గోడ మీంచి చూసి ఊరుకునే మనిషి కాదు.

"ఏంది పెద్దమ్మా, బర్రెను గూడ టెంత్ రాయిస్తున్నవా?"

"ఫీజు గట్టినమే యాదమ్మా. హాల్‌టికెట్ రావాలె."

"జర సూస్కో. నీ మనవరాలి కంటే దానికే ఎక్కువొస్తయేమో మార్కులు."

అఖిల కూడా నవ్వింది. నెలలో ఆ పిల్ల నవ్వడం అదే మొదటిసారి అనుకుంటాను.

పరీక్షలు మార్చిలో. సెంటర్ శామీర్‌పేటలో పడింది. తొమ్మిదిన్నరకు మొదలు, పన్నెండున్నరకు ముగింపు. మొదటి రోజు తెలుగు. నర్సింలు సుచిత్ర నుంచి తొందరగా వచ్చి పిల్లను దింపి, మళ్లీ వెళ్లాడు. కోడలు పనికి పోయింది. నేను పది గంటలకు కొట్టం ఊడ్వడానికి పోతే చుక్క కింద నేల తడిగా ఉంది. మూత్రం కాదు. తెల్లగా ఉంది. నాలుగు చన్నుల నుంచీ పాలు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి.

ఆవుకు ఒక్కోసారి కారుతాయి. బర్రె చన్ను బిగువు, గట్టిగా పిండితే గానీ రాదు. నా డెబ్బై ఒక్క ఏళ్లలో బర్రె నిలబడి పాలు కార్చడం చూడలేదు. పొదుగు వాపేమోనని చేయి పెట్టి చూశాను. వేడి లేదు, గడ్డ లేదు. పన్నెండున్నర దాటాక దానంతట అదే ఆగింది. సాయంత్రం మామూలుగా మూడున్నర ఇచ్చేది, ఆ రోజు ఒకటిన్నరే ఇచ్చింది.

రెండో పరీక్ష రోజు కాచుకుని కూర్చున్నాను. తొమ్మిదిన్నర దాటగానే మొదలైంది. బకెట్ పెడితే ఆగింది. తీస్తే మళ్లీ కారింది. మూడుసార్లు అలా చేసి, బకెట్ తీసేశాను. పరీక్షకూ పరీక్షకూ మధ్య సెలవు రోజుల్లో కూడా అదే సమయానికి చూశాను. ఒక్క చుక్క లేదు. అంతకుముందు పిల్ల రోజూ బడికి పోయినప్పుడూ లేదు. మూడో పరీక్ష రోజు మళ్లీ ఉంది.

నర్సింలుకు చెప్పాను. "ఎండలు ముదిరినయ్ గదనే అవ్వా" అన్నాడు. ఎండ సెలవు రోజుల్లోనూ ఉంది గదరా అంటే క్యాన్లు ఎత్తుకుని బయటికి పోయాడు. అఖిలకు మాత్రం చెప్పొద్దని ఇద్దరం అనుకున్నాం. పరీక్షల పిల్ల మనసులో లేనిపోనివి ఎందుకు?

నాలుగోది లెక్కలు. ఆ పొద్దున పిల్ల అన్నం ముట్టలేదు. పెరుగు రెండు ముద్దలు నోట్లో పెట్టుకుని లేచింది. బండెక్కుతూ హాల్‌టికెట్ ఉందో లేదో రెండుసార్లు చూసుకుంది.

తొమ్మిదిన్నరకు చుక్క మొదలుపెట్టింది. పది దాటి కొద్దిసేపటికి ఆగిపోయింది. అంతకుముందు మూడు రోజులూ అలా మధ్యలో ఆగలేదు. బర్రె తల ఎగరేసి, తాడు గుంజుతూ, శామీర్‌పేట రోడ్డు వైపు తిరిగి అరవడం మొదలుపెట్టింది. దుడ్డె పోయిన రోజు అరిచిన అరుపు. నీళ్లు పెట్టాను, గడ్డి వేశాను, ఒళ్లు నిమిరాను. ఊరుకోలేదు.

అప్పుడు నేను చేసిన పని ఇంకెవరైనా చేస్తే నవ్వేదాన్ని. గూట్లో అఖిల లెక్కల పుస్తకం ఉంది. అది ఎప్పుడూ కొట్టంలోనే ఉండేది. కళ్లద్దాలు పెట్టుకుని, చేతికి వచ్చిన చోట తెరిచి పైకి చదివాను. త్రిభుజంలో ఒక భుజానికి సమాంతరంగా గీసిన రేఖ మిగిలిన రెండు భుజాలనూ ఒకే నిష్పత్తిలో విభజిస్తుంది. దత్తాంశం. నిర్మాణం. నాకు అర్థం కాలేదు. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. పుట తిప్పి చివరి వరకు చదివాను.

యాదమ్మ కౌకూర్‌లో ఉన్న చెల్లెలింటికి బయలుదేరుతూ సంచితో గోడ దగ్గర ఆగింది. ఈసారి వెక్కిరించలేదు. "పానం బాగున్నదా పెద్దమ్మా?" అని అడిగి, నేను తల ఊపితే బస్సుకు వెళ్లిపోయింది.

నేను రెండోసారి అదే చదువుతుండగా చుక్క అరుపు ఆపింది. పాలు మళ్లీ కారాయి. గడియారం చూశాను. పదిన్నర దాటి ఐదు నిమిషాలు.

ఒంటిగంట దాటాక పిల్ల వచ్చింది. నర్సింలు దింపి వెళ్లాడు. కాళ్లు కడుక్కోకుండా నేరుగా నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"అవ్వా, పొద్దుగాల నువ్వు నా లెక్కల బుక్కు సదివినవా?"

"ఎందుకు అడుగుతున్నవ్?"

"ఊకెనే. మొదటి రెండు లెక్కలు చేసినంక అంత మర్సిపోయిన. అరగంట పెన్ను కదల్లే. ఏడుపొచ్చింది. ఇగ అయిపాయె, కంపెనీ బస్సే అనుకున్న. గప్పుడు నీ గొంతు యాదికొచ్చింది. నువ్వు పేపరు సదువుతవ్ సూడు, ఒక్కొక్క ముక్క ఆగుకుంట, గట్ల. నువ్వు చెప్పినట్టే రాసిన. ఆ సిద్ధాంతం రాసినంక మిగతయి గూడ వచ్చినయ్."

"మంచిదే గదా."

"కాని నడుమ ఒక ముక్క రాలే అవ్వా. పటం గీసిన, దత్తాంశం రాసిన, నిర్మాణం రాసిన. ఆడికెల్లి సీదా చివరికి పోయింది. నడుమల వైశాల్యాలు ఉండాలె. ఎంత యాది జేస్కున్నా నీ గొంతుల అది లేనే లేదు."

ముందు అన్నం తినమన్నాను. పిల్ల అన్నం తినడానికి పోయాక కొట్టంలోకి వెళ్లి పుస్తకం తెరిచాను. ఆ పాఠం దగ్గర రెండు కాగితాలు అతుక్కుని ఉన్నాయి. ఎప్పుడో కుడితి చిందినట్టుంది, తవుడు ఎండి జిగురులా పట్టేసింది. నేను రెంటినీ ఒకే కాగితం అనుకుని తిప్పాను. గోరుతో విడదీశాను. లోపల వైశాల్యాలు ఉన్నాయి.

నేను చదివానని ఆ పిల్లకు చెప్పగలిగిన మనిషి యాదమ్మ ఒక్కతే. ఆమె కౌకూర్ నుంచి మర్నాడు గానీ రాలేదు. కాగితాలు అతుక్కున్న సంగతి ఆమెకే కాదు, అప్పటిదాకా నాకూ తెలియదు.

మిగతా మూడు పరీక్షలకూ చుక్క పాలు కార్చింది. మధ్యలో ఆగలేదు. చివరి పరీక్ష మర్నాడు పొద్దున అఖిల అలవాటుగా గడ్డి మోపు మీద కూర్చుని చదివింది. చుక్క చేపలేదు. సాయంత్రమూ లేదు. వారం రోజులు చదివి చూసింది, నేనూ చదివాను. పశువుల డాక్టరు వచ్చి రోగమేమీ లేదు, వట్టిపోయింది అన్నాడు. ఈనిన మూడో నెలలోనే వట్టిపోవడం ఏమిటంటే, ఒక్కోసారి అవుతుందమ్మా అన్నాడు. ఒక్కోసారి ఎందుకు అవుతుందో ఆయనకూ తెలిసినట్టు లేదు.

లెక్కల్లో అఖిలకు నలభై ఒకటి వచ్చాయి. పాసైంది. ఇప్పుడు పాలిటెక్నిక్‌లో ఉంది. నర్సింలు ఆ మార్కుల కాగితాన్ని ట్రాలీలో పెట్టుకుని, పాలు పోసే ప్రతి ఇంట్లో చూపించాడు.

నేను దీనికి చాలా కారణాలు వేసి చూశాను. ఒక్కొక్కటి ఒక్కొక్క రోజుకు సరిపోతుంది. లెక్కల పరీక్ష రోజుకు ఏదీ సరిపోదు. ఇప్పటికీ నేను దయ్యాలను నమ్మను. ఇది దయ్యం కూడా కాదు. ఏమిటో తెలియదు.

పోయినవి ఇవి. పరీక్షల ఏడు రోజుల్లో నేల మీద పోయిన పాలు, సాయంత్రం తగ్గిన దాన్నిబట్టి, పదమూడున్నర లీటర్లు. చుక్క వట్టిపోవడం వల్ల ఆ ఈతలో అందని పాలు, రోజుకు సగటున ఆరు చొప్పున ఐదు నెలలు, తొమ్మిది వందల లీటర్లు. నేను చదవని పుటకు పిల్లకు పోయిన మార్కులు ఎన్నో తెలియదు. అక్కడ అంకె వేయలేదు.