కీజెవెట్టర్ వారి ఆడపడుచు

మా పక్కింటి పెద్దావిడ పోయారు. జనవరిలో, కరోనా ఐర్లండులోని మా ఊరు ములింగార్‌ని గట్టిగా పట్టుకున్న రోజుల్లో, పొద్దున్నే ఆస్పత్రి నుంచి నర్సు ఫోను చేసి చెప్పింది. ఆవిడకి పిల్లల్లేరు, భర్త ఎప్పుడో పోయారు. ఎవరికి కబురు చెయ్యాలని అడిగితే నా నంబరు ఇచ్చారట. "చివర్లో పక్కన ఎవరైనా ఉన్నారా?" అని అడిగాను. "నేనున్నాను" అంది నర్సు. మొహం కూడా తెలియని ఆ అమ్మాయికి మనసులోనే దణ్ణం పెట్టుకుని, వంటింట్లో నేలమీద కూర్చుని ఏడ్చాను.

వైద్య పరికరాలు తయారుచేసే ఫ్యాక్టరీలో నాకు ఉద్యోగం వచ్చి, మేం ఈ ఇంట్లో అద్దెకి దిగినప్పుడు మొదట పలకరించింది ఆవిడే. ఆ పలకరింపు కూడా ఏమంత తియ్యగా లేదు. నేను పెరట్లో బట్టలు ఆరేస్తుంటే గోడమీంచి చూసి "తీసెయ్యమ్మా, మధ్యాహ్నానికి వాన" అన్నారు. ఆకాశం అద్దంలా ఉంది. నేను తియ్యలేదు. మధ్యాహ్నం వాన రాలేదు, సాయంత్రం వచ్చింది. ఐర్లండులో వాన వస్తుందని చెప్పడానికి జ్యోతిష్యం రానక్కర్లేదని మా ఆయన నవ్వాడు. ఆవిడ మాత్రం మర్నాడు గోడ దగ్గరికొచ్చి, "చెప్పానా, లేదా?" అని గొప్ప చెప్పుకున్నారు.

వాళ్ళ తలుపు మీద ఇత్తడి పలక ఉండేది. దానిమీద ఒక్కటే మాట, కీజెవెట్టర్. ఆవిడ భర్త అచ్చమైన ఐరిష్ మనిషి కదా, ఇదెక్కడి పేరని నాకు సందేహం. మనకి ఇంటిపేరు అడగకపోతే నిద్రపట్టదు. ఒకరోజు టీకి పిలిస్తే వెళ్ళి అడిగేశాను.

అది జర్మన్ ఇంటిపేరట. అక్కడి పాత భాషలో 'కీజెన్' అంటే పరీక్షగా చూడడం, 'వెట్టర్' అంటే వాతావరణం. రెండూ కలిస్తే వాతావరణాన్ని పరికించేవాడని అర్థం. జర్మనీ తూర్పు వైపు ఎక్కడో ఒక రైతో గొర్రెల కాపరో ఉండి ఉంటాడని, గడ్డి కొయ్యాలంటే ఊరంతా వాణ్ణే అడిగేదని ఆవిడ నమ్మకం. "లేకపోతే ఎప్పుడూ తప్పే చెప్పేవాడేమో, అందుకే వెక్కిరించి ఉంటారు" అని తనే నవ్వేవారు. మన ఇంటిపేర్లలోనూ ఊళ్ళున్నాయి, వృత్తులున్నాయి, ఎవరో ఆటపట్టిస్తే అతుక్కుపోయినవీ ఉన్నాయి అని చెప్తే ముచ్చటపడ్డారు. జర్మనీలోనే ఆ పేరున్న ఇళ్ళు తక్కువ, ఉన్నవీ ఎక్కువగా ఆ తూర్పు మూలనే. ఇక్కడ తాను తప్ప ఇంకెవరూ లేరని ఆవిడ అనేవారు.

"పెళ్ళయ్యాక మార్చుకోలేదా?" అన్నాను. అప్పుడు నవ్వు ఆపి చెప్పారు.

రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, ఊరు ఖాళీచేసి పారిపోతుండగా, ఏదో రైలు స్టేషన్ తొక్కిసలాటలో ఆవిడ అన్న తప్పిపోయాడు. ఈవిడ ఇంకా ఊహ తెలీని పిల్ల. తర్వాత ఆకలితో మాడుతున్న జర్మన్ పిల్లల్ని కొందరిని ఐర్లండు కుటుంబాలు తెచ్చి పెంచాయి. ఆ పిల్లల్లో ఆవిడ ఒకరు. ఓడ ఎక్కించే ముందు, అప్పటికే జబ్బు పడ్డ తల్లి ఒకటే మాట చెప్పిందట. "నీ పేరు ఎవరినీ మార్చనివ్వకు. దింపినచోటే ఉండు. అన్న వెతుక్కుంటూ వస్తాడు." ఆ తర్వాత తల్లి బతకలేదు.

జర్మన్ భాష మొత్తం మర్చిపోయారు. పేరు ఉంచుకున్నారు. పెంచినవాళ్ళు తమ పేరు ఇస్తామంటే వద్దన్నారు. పెళ్ళప్పుడు అత్తగారు అలిగితే, భర్తే ఆ ఇత్తడి పలక చేయించి తలుపుకి కొట్టారట. ఏటా టెలిఫోన్ డైరెక్టరీ రాగానే ముందు తన పేరు ఉందో లేదో చూసుకునేవారు. "అరుదైన పేరు నా అదృష్టం. ఇక్కడ వీధికి పదిమంది ఉండే మర్ఫీనయితే నన్నెవరు వెతకగలరు?" అనేవారు. తనూ ఎన్నో ఏళ్ళు వెతికించారు, ఏమీ తేలలేదు. ఇంతకాలం రానివాడు ఉన్నాడని ఎలా అనుకుంటున్నారని ఒకసారి నోరుజారి అడిగాను. "పోయాడని నాకెవరూ చెప్పలేదుగా" అన్నారు.

లాక్‌డౌన్‌లో ఇంటినుంచి ఐదు కిలోమీటర్లు దాటితే గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, ఆపేవారు. నాకు ఫ్యాక్టరీ, ఇల్లు. ఆవిడకి ఇల్లు, గోడ. ఆ గోడకి అటూ ఇటూ కుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్ళం. మా తెలుగువాళ్ళం ఇద్దరు కలిస్తే ఇంటిపేరు, ఊరు అడిగి నాలుగో మాటకి చుట్టరికం తేల్చేస్తామని చెప్పాను.

"ముఖం మీదే అడిగేస్తారా? సిగ్గనిపించదా?"

"సిగ్గెందుకండీ? అడుగుదాం పట్టండి."

ఇంటర్నెట్‌లో జర్మనీ డైరెక్టరీ తెరిచి, కీజెవెట్టర్ అన్న పేరు కనిపించిన ప్రతి ఇంటికీ ఫోను చెయ్యడం మొదలుపెట్టాను. గోడమీద ఫోను, స్పీకర్‌లో, మాట్లాడేది ఇంగ్లీషులోనే. మీ పెద్దలది ఏ ఊరు, మీ నాన్నగారి పేరేమిటి అని, అచ్చం గుంటూరు పెళ్ళి పందిట్లో అడిగినట్టే.

"నీకేమన్నా పిచ్చా?" అన్నాడు మా ఆయన. "ముక్కూ మొగం తెలవనోళ్ళకి ఫోన్ చేసి మీ నాయన పేరేంది అంటావా? పోలీసులకి చెప్తారు చూడు!"

ఎవరూ పోలీసులకి చెప్పలేదు. ఒకాయన మేం ఏదో అమ్ముతున్నామనుకుని పెట్టేశాడు. ఒకావిడ భర్త ఆస్పత్రిలో ఉన్నాడట, మాట్లాడే మనిషి దొరికినందుకు ఫోను వదల్లేదు. ఒకచోట ఎవరూ ఎత్తకపోతే ఆన్సరింగ్ మెషీన్‌లో ఆవిడ పేరూ, ఎవరికోసం వెతుకుతున్నామో, నా నంబరూ చెప్పి పెట్టాను. కాదని తేలిన ప్రతిసారీ పెద్దావిడ ఇక్కడివాళ్ళ అలవాటుగా "గ్రాండ్, సరేలే, ఈ ఇల్లు కాదన్నమాట" అని లేచి లోపలికి వెళ్ళేవారు. వెళ్ళేటప్పుడు నావైపు చూసేవారు కాదు. రోజురోజుకీ ఆవిడ ఆశ పెరుగుతుంటే నాకు భయంగా ఉండేది.

క్రిస్మస్ తర్వాత దగ్గు మొదలైంది. అంబులెన్స్ వచ్చింది. తల నుంచి కాళ్ళ దాకా కప్పుకున్న మనుషులు ఆవిడని కుర్చీలో తీసుకెళ్తుంటే, నేను మా గేటు లోపలే నిలబడాల్సి వచ్చింది. ఆక్సిజన్ మాస్కు పక్కకి లాగి, "తెలియని నంబరైనా ఎత్తు" అన్నారు. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని "షీ విల్ బీ గ్రాండ్, మా" అంది. అదే ఆఖరిచూపు.

చర్చిలోకి పదిమందినే రానిచ్చేవారు. మిగతావాళ్ళం రోడ్డు పొడవునా ఎవరి గేటు ముందు వాళ్ళం దూరదూరంగా నిలబడ్డాం. శవపేటిక ఉన్న కారు నెమ్మదిగా వెళ్ళిపోయింది. ఎవరూ ఎవరినీ పట్టుకుని ఏడవడానికి లేదు. ఇంత పెద్ద వయసు మనిషికి ఇంత ఒంటరి సాగనంపా అని నాకు దుఃఖంతో పాటు కోపం వచ్చింది, ఎవరిమీదో తెలియదు.

తర్వాత కొన్ని వారాలకి జర్మనీ నంబరు నుంచి ఫోను వచ్చింది. ఒకమ్మాయి, ఇంగ్లీషులో. వాళ్ళ తాతగారు కిందటేడు వసంతంలోనే వృద్ధుల హోమ్‌లో చేరారట. ఇల్లు తాళంవేసి ఉంది. సామాను తీద్దామని ఇప్పుడు వెళ్తే, మెషీన్‌లో నా గొంతు. తల్లి పేరు, ఊరు, స్టేషన్ అన్నీ సరిపోయాయి. "మా తాతగారు ఆవిడతో మాట్లాడాలంటున్నారు" అంది. నేను ఏం చెప్పానో ఎలా చెప్పానో గుర్తులేదు.

సమాధి చూపించమన్నారు. ఆదివారం వెళ్ళి వీడియో కాల్ చేశాను. హోమ్‌లో ఒక కిటికీ పక్కన ముసలాయన. కాల్‌లోనే వేరే చోట నుంచి మనవరాలు మాట మాటకీ అనువాదం చేస్తోంది. చెల్లిని ఐర్లండు పంపారని పెద్దయ్యాక తెలిసిందట. "వెతుకుదామనుకున్నాను. ఆడపిల్ల, ఈపాటికి పెళ్ళయి ఉంటుంది. ఏ పేరని వెతకను? అందుకే వదిలేశాను" అన్నారు.

ఫోను సమాధి వైపు తిప్పాను. రాతి ఫలకం ఇంకా పెట్టలేదు. తడి మట్టిలో చెక్క శిలువ, దానికి చిన్న రేకు, రేకు మీద పేరు.

ఆయన చదివారు. ఏదో అన్నారు.

"'మా పేరే ఉంది' అంటున్నారు" అంది మనవరాలు.

ముసలాయన ఇంకా దగ్గరగా చూడాలని వంగారు. తెర నిండా ఆయన నుదురే కనిపిస్తోంది. ఎంతసేపటికీ వెనక్కి జరగలేదు. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నా నేను చెయ్యి దించలేదు.