పొడుగు స్క్రూడ్రైవరూ, మేస్త్రి కుడిచెవీ

ఆ షెడ్డులో ఇంజిన్ల మేస్త్రిగారి కుడిచెవి అంటే చెవి కాదు, కోర్టు. బండి రాగానే అందరి నోళ్ళూ మూయించి, పొడుగు స్క్రూడ్రైవర్ కొన ఇంజిన్‌కి ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి నొక్కిపెట్టి కళ్ళు మూసుకునేవాడు. బండి యజమాని బిక్కమొహం వేసుకుని నిలబడేవాడు. కాసేపటికి తీర్పు వచ్చేది. "బేరింగు పోయింది." విప్పి చూస్తే పోయే ఉండేది.

అలాంటి చెవిని ఊరికే వదిలేస్తాడా? మధ్యాహ్నం భోంచేసి స్టూలు మీద కూర్చుని దానికి సేవ చేసుకునేవాడు. కార్బురేటర్‌లో పెట్రోలు చిమ్మే జెట్టు బెజ్జంలో చెత్త తీసే సన్న తీగకి కాస్త దూది చుట్టి, ఒక కన్ను మూసి, నోరు వంకరగా తెరిచి, లోకంలో ఇంతకన్నా సుఖం లేదన్నట్టు తిప్పేవాడు. దూదికి కాస్త గుబిలి అంటుకుని వస్తే గని తవ్వినంత సంబరం. మిగతాది ఎటు పోయిందని ఆయన ఎన్నడూ అడగలేదు.

"బావా, ఆ తీగ జెట్టు కోసం కొన్నాం" అనేవాడు బామ్మర్ది. షెడ్డులో సగం వాటా వాడిదే, మాటల్లో వాటా ఇంకాస్త ఎక్కువ.

"నీ పని నువ్వు చూసుకోరా. బండి మోత ఒకటి తెలీదు గానీ, సలహాలకి మాత్రం కొదవలేదు!"

ఒక ఉదయం తలస్నానం చేసి వచ్చాడు మేస్త్రి. కుడిచెవిలో గుడ్డ కుక్కినట్టుంది. తల వంచి గెంతాడు, చెవి మీద కొట్టుకున్నాడు. లాభం లేదు. ఆ రోజు నుంచీ లోకమంతా నోట్లో నీళ్ళు పోసుకుని మాట్లాడటం మొదలుపెట్టింది. భార్య గొంతు చించుకుంటే "గొణక్కు" అనేవాడు. టీవీ మోత ఎంత పెంచాడంటే, పక్కింటివాళ్ళు తమ టీవీ కట్టేసి వీళ్ళ టీవీలోనే వార్తలు వినేవాళ్ళు.

"ఒకసారి చెవి చూపించుకోండి" అంది భార్య.

"నా చెవికేం రోగం? స్క్రూడ్రైవర్ పెడితే మునుపటికంటే గట్టిగా వినపడుతోంది. తగ్గింది నీ గొంతు!"

చిత్రమేమిటంటే, గట్టిగా వినపడుతోందన్నది నిజమే. మామూలు ఇంజిన్ కూడా ఆయన బుర్రలో ఉరుముతోంది. ఇంకేముంది, వచ్చిన బండికల్లా బేరింగే పోయింది. విప్పితే లోపలి సామానంతా అద్దంలా మెరుస్తూ "నేనేం చేశాను?" అన్నట్టు చూసేది.

"రోగం లేదు గానీ ఆపరేషన్ మాత్రం విజయవంతం" అనేవాడు బామ్మర్ది.

బోలెడు వ్యాన్లు తిప్పే ఆసామికి నవ్వు రాలేదు. "మేస్త్రీ, బాగున్న ఇంజిన్ ఇంకోసారి విప్పావంటే నా బళ్ళన్నీ అవతలి వీధి షెడ్డుకే" అని వెళ్ళిపోయాడు.

బామ్మర్ది స్టూలు మీద చెయ్యి వేసి, ఎడమచెవి దగ్గర నోరు పెట్టి మరీ చెప్పాడు. "ఇంకొక్కటి తప్పిందా, ఈ స్టూలూ స్క్రూడ్రైవరూ నావి. నువ్వు ఆయిలు మారుద్దువుగాని."

మర్నాడు మేస్త్రి, షెడ్డులో ఎక్కడో గాలి లీకవుతోందని కంప్రెసర్ గొట్టాలన్నిటికీ సబ్బునీళ్ళు పూసి వెతికాడు. ఒక్క బుడగా రాలేదు.

"ట్యాంకులో గాలే లేదు బావా. పొద్దున్నే ఖాళీ చేశాను."

"మరి ఈ గుయ్యిమనే మోత?"

"నాకేం వినపట్టంలేదే!"

ఆ సాయంత్రం భార్య వెంట చెవి డాక్టరు దగ్గరికి నడిచాడు మేస్త్రి.

డాక్టరమ్మ లైటు పెట్టి చెవిలోకి చూసి, "ఇందులో ఏం పెడుతుంటారు?" అని అడిగింది. మేస్త్రి జేబులోంచి తీగ తీసి, జెట్టు శుభ్రం చేసేది ఇదేనని గర్వంగా చూపించాడు. డాక్టరమ్మ ఆ తీగని అందుకుంది.

"దీంతో జెట్టులో చెత్త తోస్తే ఎటు పోతుంది?"

"అవతల పడుతుందమ్మా."

"చెవికి అవతల దారి లేదు. కర్ణభేరి ఉంది. మీ అదృష్టం, దానికి చిల్లు పడలేదు. గుబిలి దానంతటదే బయటికి వస్తుంది. మీరు తీసింది గోరంత, లోపల దట్టించింది బిరడా అంత."

"కానీ స్క్రూడ్రైవర్ పెడితే..."

"ఎడమచెవి వేలితో మూసుకుని 'ఊఁ' అనండి."

అన్నాడు. మోత ఎడమచెవిలోకి దూకింది.

"మూసుకుపోయిన చెవిలో ఎముక గుండా వచ్చే మోత ఎక్కువ. అదే చెవి బాగుందనుకుంటే ఎలా?"

విప్పేసిన ఇంజిన్లన్నీ మేస్త్రి కళ్ళ ముందు వరసకట్టాయి. ఆవిడ చుక్కల మందు రాసిచ్చింది. గుబిలి మెత్తబడ్డాక కడుగుతానంది. మొదట్లో ఇంకా దిమ్మెక్కినట్టుంటుందనీ, కంగారుపడి తీగ జోలికి పోవద్దనీ రెండుసార్లు చెప్పింది.

కడిగే రోజు రాకముందే వ్యాన్ల ఆసామి ఒక వ్యాను తెచ్చాడు. అలవాటు కొద్దీ స్క్రూడ్రైవర్ పెట్టాడు మేస్త్రి. ఉరుము! "బేరింగు" అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసి, స్క్రూడ్రైవర్ బామ్మర్ది చేతికిచ్చాడు. "నువ్వు వినరా. నా చెవికి మరమ్మతు జరుగుతోంది."

బామ్మర్ది చాలాసేపు విని, "బాగానే ఉన్నట్టుంది" అన్నాడు. బండి వెళ్ళిపోయింది.

డాక్టరమ్మ గోరువెచ్చని నీళ్ళతో చెవి కడిగిన రోజున గిన్నెలో ఒక నల్లటి ముద్ద పడింది. మేస్త్రికి ఫ్యాను కిర్రుమనడం వినపడింది. బయటికొచ్చి స్కూటర్ స్టార్ట్ చేస్తే సిగ్గుతో తల వాలిపోయింది. ఇంత డొక్కు మోతేసుకునా ఇన్నాళ్ళూ వీధుల్లో తిరిగింది?

షెడ్డు గేటు దగ్గరికి వచ్చేసరికి అదే వ్యాను లోపల కూస్తోంది. బామ్మర్ది కళ్ళు మూసుకుని, పిడి చెవికి నొక్కి, బావగారి గొంతుతో "బేరింగు పోయి..." అంటున్నాడు.

"బెల్టు!" అని గేటు దగ్గర్నించే అరిచాడు మేస్త్రి. "వదులైంది. బిగించండి చాలు."

బిగించారు. కూత ఆగింది. ఆసామి ఇంకో రెండు వ్యాన్లు రేపు పంపిస్తానని వెళ్ళాడు. బామ్మర్ది స్టూలు దిగాడు గానీ, చూపుడువేలు మాత్రం చెవిలోనే తిప్పుతున్నాడు.

"ఏంట్రా?"

"ఏం లేదు బావా, కాస్త దురద. నీ తీగ ఒకసారిస్తావా?"

మేస్త్రి తీగని తీసుకెళ్ళి జెట్ల డబ్బాలో పడేసి, దాని మీద మూత పెట్టి, ఆ డబ్బా మీదుగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు.