గ్లూకోజు ఎక్కించని శుక్రవారం

ఆ శుక్రవారం నాకు డ్యూటీ పడింది. కార్తీక మాసం, కువైట్‌లో ఎండ మెత్తబడిన రోజులు. తెలుగువాళ్లందరూ వనభోజనాలకు వెళ్లారు. ఉసిరి చెట్టు లేకపోతేనేం, కుండీలో పెంచిన ఉసిరి మొక్కను కారు వెనక సీట్లో కూర్చోబెట్టుకుని మరీ వెళ్లారు. నేను మాత్రం హవాదిస్‌లో, అంటే ఇక్కడి ఆసుపత్రి అత్యవసర విభాగంలో, దగ్గులూ జ్వరాలూ చూస్తూ పళ్లు నూరుకుంటున్నాను. ఆకలేస్తే నాకు కోపం ఎక్కువ. పులిహోర గుర్తొస్తే ఇంకా ఎక్కువ.

సాయంత్రానికి వనభోజనాలే నా దగ్గరకు వచ్చాయి, అదీ చక్రాల కుర్చీలో. కుర్చీలో ఉన్నది కోనసీమ అబ్బాయి, రుమైథియాలో ఒక కువైటీ ఇంటికి డ్రైవరు. తోసుకొచ్చింది అదే ఇంట్లో వంట చేసే పెద్దాయన, అన్నమయ్య జిల్లా మనిషి. ఇద్దరి చొక్కాలూ ఇంగువ పోపు వాసన కొడుతున్నాయి.

"ఏమైంది?" అన్నాను.

"ఏంల్యా మేడం," అన్నాడు పెద్దాయన. "పొద్దున వాలీబాల్ ఆడినాడు, మద్దేనం కడుపు నిండా తిన్యాడు, చాప మీద పండుకున్యాడు. లేపితే లేసేదానికి కాలే. ఉత్త నీరసం. ఒగ గ్లూకోజు బాటిలు ఎక్కించండి, లేసి నిలబడతాడు."

గ్లూకోజు మీద మనవాళ్లకున్న నమ్మకం అంతా ఇంతా కాదు. జ్వరమొచ్చినా, పెళ్లిలో కళ్లు తిరిగినా, పరీక్ష తప్పినా ఒక బాటిలు ఎక్కించాల్సిందే. ఎక్కించని డాక్టరుకు చదువు రానట్టే లెక్క.

అబ్బాయిని కాలు ఎత్తమన్నాను. ఎత్తలేకపోయాడు. "రాట్లేదండి. నా కాళ్లు నావి కానట్టున్నాయండి," అన్నాడు. పాదం గిల్లితే మాత్రం గట్టిగానే మూలిగాడు. మాట తిన్నగా ఉంది, మూతి వంకర లేదు. మోకాలి మీద సుత్తితో తడితే కాలు ఉలకలేదు, పలకలేదు. ఇది పక్షవాతం తీరు కాదు. ఎముకల విభాగానికి ఫోన్ చేస్తే వెన్నెముక స్కానింగుకు పంపమన్నారు. కింద నుంచి పైకి పాకే నరాల జబ్బేమోనని నాకు ఇంకో అనుమానం.

అంతలో పెద్దాయన మాట కలిపాడు. "వచ్చే దావలో గ్లూకోజు నీళ్లు కూడా తాపితి మేడం. తాపినాక చేతులు కూడా లేయకుండా పాయె."

నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. అబ్బాయి ముంజేతులు పట్టుకుని వేళ్లు చాపమన్నాను. సన్నగా వణుకుతున్నాయి. అరచేతులు తడి తడిగా ఉన్నాయి. ఇంతసేపూ కదలకుండా కూర్చున్న మనిషి నాడి మాత్రం పరుగు పందెంలో ఉంది. మెడ ముందు చిన్న వాపు.

"ఈమధ్య చిక్కిపోయావా?"

అబ్బాయి సిగ్గుపడ్డాడు. పెద్దాయన పొంగిపోయాడు. "వీడు ఎంత తిన్యా ఒంటికి పట్టదు మేడం. ఈపొద్దు బూరెల పందెంలో వీడే గెలిచినాడు."

అక్కడ దొరికింది. అది ఆకలి కాదు, జబ్బు. గొంతులోని థైరాయిడ్ అతిగా పనిచేస్తోంది. అలాంటివాళ్లలో కొందరికి, గట్టిగా ఆడి, తీపి దండిగా తిని పడుకుంటే, రక్తంలోని పొటాషియం కండరాల్లోకి వెళ్లిపోతుంది. కాళ్లు చచ్చుబడతాయి. రక్తంలో పొటాషియం ఇంకా పడిపోతే గుండె లయ తప్పుతుంది. గ్లూకోజు ఆ పొటాషియాన్ని మరింత కిందికి లాగుతుంది. ఈసీజీ తీస్తే అనుమానం బలపడింది, రక్త పరీక్ష ఖాయం చేసింది. స్కానింగు మాట పక్కన పెట్టి, గుండె చూపించే మానిటరు పక్కకు మంచం మార్పించాను.

"మేడం గారండి, మళ్లీ బండి తోలతానాండి? వీసా ఇచ్చిన మా కఫీల్‌కి తెలిస్తే ఉద్యోగం ఖలాసేనండి," అన్నాడు అబ్బాయి, గొంతు తగ్గించి.

"తోలతావు. కాస్త ఓపిక పట్టు," అన్నాను.

"గ్లూకోజు ఎక్కించరా మేడం?" అన్నాడు పెద్దాయన మళ్లీ.

"ఇంకోసారి ఆ మాటెత్తితే మిమ్మల్ని పడుకోబెట్టి ఎక్కిస్తాను," అన్నాను. నర్సు నవ్వాపుకోలేక అటు తిరిగింది.

సెలైన్‌లో పొటాషియం కలిపి, చుక్క చుక్కగా వదిలాం. గుండె దడ తగ్గే మాత్ర ఇచ్చాం. పొటాషియం తొందరపడి ఇస్తే అది ఇంకో ప్రమాదం, కండరాల్లో దాక్కున్నది కూడా తర్వాత దానంతటదే రక్తంలోకి వచ్చి మోతాదు మించిపోతుంది. అందుకే మళ్లీ మళ్లీ రక్తం తీయిస్తూ, మానిటరు మీది గీత చూస్తూ అక్కడక్కడే తిరిగాను. వేలాడే బాటిలు చూసి పెద్దాయన తృప్తిగా తలూపాడు. అది గ్లూకోజు కాదని చెప్పే ఓపిక నాకు లేదు.

"థైరాయిడుకు మందు వాడితే ఆకలి తగ్గుద్దాండి?" అని అడిగాడు అబ్బాయి.

"తగ్గాలి."

వచ్చే ఏడు బూరెల పందెం ఏమవుతుందో తలచుకున్నట్టున్నారు, ఇద్దరూ డీలా పడ్డారు. నాకు పకపకా నవ్వొచ్చింది, ఆ రోజుకు అదే మొదటి నవ్వు.

ముందు కాలి బొటనవేలు కదిలింది. కాసేపటికి మడమ దుప్పటి మీద జరిగింది. రక్త పరీక్ష బాగుందని తేలాక, మోకాలు లేచాక, మంచం పట్టుకుని నిలబడమన్నాను. నిలబడ్డాడు. నర్సు చేయి వదిలి ఒక అడుగు వేశాడు, ఆగాడు, ఇంకో అడుగు వేశాడు. ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక రోగి నడిస్తే చప్పట్లు కొట్టడం నాకదే మొదలు.

వెనక ఏదో చప్పుడైతే తిరిగి చూశాను. పెద్దాయన గోడకు ఆనుకుని అలాగే నేల మీదికి జారిపోయాడు. రెండు చేతుల్లో మొహం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. "నేనే మేడం, తిను తిను అని పెట్టింది నేనే. గ్లూకోజు తాపింది నేనే," అంటున్నాడు.

అబ్బాయి మెల్లగా ఆయన దాకా నడిచి, చేయి చాచాడు.

"లెగండి బాబాయ్. చల్లటి నేలండి, జలుబు చేస్తది."