పెద్దమ్మ తీసుకోమన్న టెర్మిన్

ఇవాళ హాంబర్గ్‌లో ఆఫీసుకి వెళ్తుంటే రైల్లో ఫోన్‌కి ఒక వార్త వచ్చింది. మా ఇంట్లో అందరం వదలకుండా చూసే కామెడీ సీరియల్‌ని వచ్చే నెలతో ఆపేస్తున్నారట. చూసేవాళ్ళు తగ్గలేదు, నటులు గొడవపడలేదు. తీసేవాళ్ళే ఇక చాలనుకున్నారట. నేను దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది. ఇలాంటి దెబ్బ నాకిది రెండోది. మొదటిది జార్‌బ్రూకెన్‌లో చదువుకునే రోజుల్లో, పెద్దమ్మ దగ్గర తగిలింది.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. ఎప్పుడో గుంటూరు నుంచి వచ్చి స్థిరపడి, రిటైరైన కంటి డాక్టరు. కంప్యూటర్ సైన్స్ చదివే మా ముగ్గురినీ ప్రతి శనివారం తన పాత ఎర్ర కారులో కొట్లన్నీ తిప్పి, బియ్యం బస్తా ఎక్కించి, ఇంటికి తీసుకెళ్ళి పెసరట్లు పోసేది. తింటూ అందరం ఒక సీరియల్ చూసేవాళ్ళం. అది మంచి ఊపులో ఉండగానే ఆపేస్తున్నారని తెలిసిన శనివారం పెసరట్టు పళ్ళెం పక్కకి నెట్టేశాను. కాగితం తీసి కారణాలు రాశాను: ఒకటి, డబ్బు; రెండు, గొడవ; మూడు, చూసేవాళ్ళు తగ్గడం. నెట్‌లో ఆరా తీసి మూడూ కొట్టేశాను. ఇక మిగిలింది అర్జీ. ఆపొద్దని రాసి, సంతకం పెట్టమని పెద్దమ్మకిచ్చాను.

“సాగదీస్తే మొదట తిట్టేది నువ్వేరా. ఇప్పుడు ఏడుస్తున్నావు, అదే నయం,” అని అర్జీ నా చేతిలోనే పెట్టేసింది.

అదే రోజు డ్రైవింగ్ లైసెన్సుల ఆఫీసులో తనకో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, తీసుకోమంది. పాత కాగితం లైసెన్సులు ఇచ్చి కొత్త కార్డులు తీసుకోవాల్సిన రోజులవి. అందుకేననుకుని అడగనైనా అడగలేదు. ఫోటో, పాస్‌పోర్టు, పాత లైసెన్సు అని జాబితా రాసి ఫ్రిజ్‌కి అంటించాను. టెర్మిన్ రోజున, ఫోటో తేలేదని ఆఫీసు మెట్ల మీద విసుక్కున్నాను కూడా. పెద్దమ్మ నవ్వి ఊరుకుంది. లోపలికెళ్ళాక, మడతలు నలిగిన తన పాత బూడిదరంగు లైసెన్సు కాగితాన్ని బల్ల మీద పెట్టి జర్మన్‌లో ఏదో చెప్పింది. ఆఫీసరమ్మ, నిజంగానేనా అని రెండుసార్లు అడిగింది. అప్పుడు అర్థమైంది నాకు సంగతి. పెద్దమ్మ లైసెన్సు మార్చుకోవడం లేదు, తిరిగి ఇచ్చేస్తోంది.

“అదేంటి పెద్దమ్మా! కారుకి ఒక్క గీతైనా పడలేదు కదా!”

“గీత పడ్డాక నా దగ్గరికొచ్చినవాళ్ళ కళ్ళు ఎన్ని చూశానో నీకేం తెలుసు? మొన్న నా కళ్ళు నేనే చూపించుకున్నాను. ఇవాళ్టికి బాగానే ఉన్నాయి. వచ్చే ఏడాది సంగతి చెప్పలేం. కారులో మీరు ముగ్గురు ఉంటారు కదరా.”

బస్సులో తిరిగొచ్చాం. దిగే ముందు, “ఎక్కడ నొక్కాల్రా?” అని అడిగింది. అన్నేళ్ళుగా అదే ఊళ్ళో ఉంటూ ఆవిడ బస్సెక్కడం అదే మొదటిసారి. బటన్ చూపించాను.

ఇవాళ వెనక్కి వెళ్ళే రైలు కోసం నిలబడి ఉంటే అదంతా గుర్తొచ్చింది. కాలం వచ్చి లాక్కునేదాకా ఆగేవాళ్ళనే నేను ఎక్కువగా చూశాను. పెద్దమ్మ మాత్రం దాని దగ్గర టెర్మిన్ తీసుకుని, వేళకి వెళ్ళి, తనే ఇచ్చేసి వచ్చింది.