మాడిసన్‌లో నేను బిగించిన కార్సెట్

మా ఇంట్లో బడికి వెళ్ళి చదువుకున్న మొదటిదాన్ని నేనే. ఆరో తరగతి ఇంగ్లిష్ పుస్తకంలో గంట ఆకారం గౌను వేసుకున్న ఒక దొరసాని బొమ్మ ఉండేది. రెండు చేతుల్లో ఇమిడిపోయేంత నడుము. మనిషికి అలాంటి నడుము నిజంగా ఉంటుందా అన్న అనుమానం నాతోపాటే అమెరికా వచ్చింది. అందుకే, 2013 మార్చిలో జార్జియాలోని మాడిసన్‌లో ఒక పాత ఇంటి మ్యూజియంలో పంతొమ్మిదో శతాబ్దపు ఆడవాళ్ళ దుస్తులు పెట్టారని తెలియగానే, నా రూమ్మేట్ సౌజన్యని బతిమాలి బయల్దేరదీశాను.

శనివారం తొమ్మిదింటికి మేముండే అల్ఫారెట్టాలో బయల్దేరి, హైవే 400 మీద దక్షిణానికి వచ్చి, 285 మీదుగా ఐ-20 తూర్పు పట్టుకుంటే పదిన్నరకి చేరాం. టికెట్ ఎనిమిది డాలర్లు. డెబ్బై ఏళ్ళ వాలంటీర్ మిస్ రూత్ మమ్మల్ని గదులన్నీ తిప్పింది. పట్టు గౌను కింద ఉక్కు తీగల పంజరం, దాని పైన నడుముని నొక్కిపట్టే కార్సెట్. ఒక అద్దాల పెట్టెలో ఉన్న కార్సెట్ నడుము చుట్టుకొలత మూరెడు కూడా లేదు.

"ఏందే ఇది, మనిషికా, బొమ్మకా?" అంది సౌజన్య.

చివరి గదిలో వేసి చూసుకోవడానికి కొత్తగా కుట్టిన కార్సెట్లున్నాయి. "వెనక రెండు అంగుళాలు సందు వదలండి, బిగించకండి" అని చెప్పి మిస్ రూత్ పక్క గదిలోకి వెళ్ళింది. సౌజన్య టీషర్ట్ మీదే తొడుక్కుంది. నేను వెనక తాళ్ళు పట్టుకుని లాగాను.

"చాలే, ఆపు."

"ఇంకొంచెం ఓర్చుకోవే. నడుము ఎంత సన్నగా వచ్చిందో చూడు."

"ఆపమంటున్న గదా! ఊపిరి ఆడ్తలేదు."

అప్పటికే అలవాటుగా పీటముడి వేసేశాను. అది ఊడలేదు. ముందున్న కొక్కేలు వెనక తాళ్ళు వదులైతేనే ఊడతాయట. సౌజన్య పెదవులు తెల్లబడి గోడకి ఆనుకుంది. నేను అరిచిన అరుపుకి మిస్ రూత్ కత్తెరతో పరిగెత్తుకొచ్చి తాళ్ళు కోసేసింది.

కార్సెట్ తీస్తుంటే టీషర్ట్ పైకి లేచింది. సౌజన్య నడుము చుట్టూ నల్లటి గీత. మిస్ రూత్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో హనీ, ఇది మా కార్సెట్ వల్లేనా?"

"కాదండీ" అంది సౌజన్య, ఇంకా ఆయాసపడుతూనే. "ఇది సల్వార్ బొందుది. చీర కింద లంగాకీ ఇట్లనే కడతం. మాకందరికీ ఉంటది."

"అందరికీనా? ఎప్పట్నుంచి?"

"పదేళ్ళప్పట్నుంచి" అన్నాను నేను. నాకూ ఉంది. అమ్మకైతే ఆ చోట చర్మం ఒరుసుకుపోయి పుండవుతుంది, పౌడర్ చల్లుకుని మళ్ళీ అక్కడే కడుతుంది.

గంటసేపు అద్దాల పెట్టెల ముందు నిలబడి, పాపం ఎలా భరించారో అని జాలిపడినదాన్ని నేను. నన్ను నిర్ఘాంతపరిచింది ఆ కార్సెట్లు కాదు, "ఓర్చుకోవే" అన్న నా గొంతు. బొందు బిగించేటప్పుడు అమ్మ నాతో అన్న మాటే అది. ఎదుటి మనిషికి ఊపిరాడకపోతున్నా నా చేతులు ఆగలేదు. తిరుగు ప్రయాణంలో సౌజన్య కారు తాళాలు నాకిచ్చి, సీటు వెనక్కి వాల్చుకుని పడుకుంది. దారిలో కోవింగ్టన్ ఊరు దాటేదాకా తన ఊపిరి వింటూనే డ్రైవ్ చేశాను.

వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట: కార్సెట్ వేసుకుని చూడాలనుకుంటే, లాగితే ఊడే ముడే వేయించుకోండి. తాళ్ళు మాత్రం, ఆపమంటే ఆపే మనిషి చేతికే ఇవ్వండి.