తడి ఆరనివ్వని అర్ర

వీపనగండ్లలో యమున కుట్టిన జాకెట్టు తొడగని ఆడవాళ్లు తక్కువ. ఆమె కుట్టుమిషను మాత్రం కాపురానికి వచ్చినప్పటి నుంచి వసారాలోనే ఉంది. జల్లు కొడితే మిషను మీద గోనెసంచి కప్పి, పని ఆపుకొని కూర్చోవాలి. ఇంట్లో గది లేక కాదు. కిటికీ ఉన్న నడిమర్రంతా భర్త హరీష్ సామానే: కాలిపోయిన మోటర్లు, చిరిగిన డ్రిప్పు పైపులు, పురుగుమందు డబ్బాలు. వాటి పక్కనే బియ్యం డ్రమ్ము, ఓ మూల అత్త జోగులమ్మ నీళ్లు కాచే రాగి గుండీలు. ఎప్పుడన్నా పనికొస్తాయని అతనంటాడు. తీయమని అడిగీ అడిగీ ఆమెకు నోరు నొచ్చింది.

బతుకమ్మ పండుగ ముందు ఊరంతా ఇళ్లు దులుపుకుంటుంది. ఈసారి హరీష్ చేనుకు పోగానే యమున ఆ అర్రను ఖాళీ చేసి, అన్నీ వాకిట్లో పెట్టింది. పొడుగు కర్రకు పాత చీరె గుడ్డ కట్టి ముందు వాసాల బూజు తీసింది, తర్వాత గోడలు, ఆఖరికి నేల. కిందనే మొదలుపెడితే మళ్లీ ఊడ్వాల్సిందే కదా. డ్రమ్ము కడిగి, ఎండబెట్టి, లోపల చెమ్మ లేదని చేత్తో తడిమి చూసుకున్నాక అడుగున ఎండు వేపాకు పరిచింది. బియ్యం పోసి వంటింట్లోకి చేర్చింది. ఆ తర్వాత మట్టి నేలను పెండ, ఎర్రమన్ను కలిపి అలికింది.

మధ్యాహ్నం హరీష్ మోటరు ఎత్తుకొని లోపలికి రాబోతే, పచ్చిగా ఉందని ఆపింది. అన్నం తిని వచ్చేసరికి మళ్లీ అలుకుతూ కనిపించింది. పగుళ్లిచ్చిందట. పొద్దు వాలినా చేతిలో అలుకు గుడ్డ అలాగే ఉంది. అప్పుడు గాని అతనికి సంగతి అర్థం కాలేదు. విసురుగా గడప మీద కాలు పెట్టబోయాడు.

"ఆగురా," అంది వసారాలో కూర్చున్న తల్లి జోగులమ్మ. పచ్చి అలుకు తొక్కితే ఇంటికి అరిష్టమని ఆమె పట్టింపు. కొత్త కోడలిగా తెలియక తొక్కినందుకు యమున ఆమెతో పొద్దంతా మాటలు పడింది.

"అమ్మా, ఇది కావాలని అలుకుతుంది. నీకు తెల్వదా?"

"తెల్వకేంది? అయినా తొక్కద్దు."

యమున లేచి నిలబడింది. "ఏడాదిల ఒక్కపారన్న నీ చెయ్యి తగిలిన సామానుంటే తీస్కరా, నేనే లోపలికి మోస్త. తగలనిది పెడ్తనంటే రేపు గూడ అలుకుత. ఎల్లుండి గూడ అలుకుత."

"జర మెల్లగ. ఊరోళ్లు చూస్తుండ్రు," అన్నాడు హరీష్.

"చూడనీ. మిషన్ను వానల పెట్టి మోటర్లను ఇంట్ల పండుకోబెట్టినోన్ని గూడ చూడనీ."

వాన వచ్చేలా మబ్బు పట్టింది. హరీష్ గొణుక్కుంటూ మోటర్లను, పైపులను పశువులు లేని కొట్టంలోకి మోశాడు. మందు డబ్బాలను మేకలకు, పిల్లలకు అందకుండా పైన పెట్టి తాళం వేయమంది యమున. వేశాడు.

వాకిట్లో జోగులమ్మ రాగి గుండీలు మిగిలాయి. అడుగు చిల్లులు పడ్డవి. వాటి సంగతేమిటని జోగులమ్మ అడిగింది.

"ఎప్పుడు వాడినవ్ అత్తమ్మా?"

జోగులమ్మ కొడుకు వైపు తిరిగింది. "ఒరేయ్ హరీష్, గివి గూడ తీస్కపో."

పొద్దున అర్ర ఆరింది. యమున మిషను ఒక పక్క పట్టుకుంది. రెండో పక్క పట్టడానికి హరీష్ బురద కాళ్లతో వచ్చి వంగాడు.

"కాళ్లు కడుక్కొని రాపో," అంది యమున.