శాగిర్దు దెబ్బ తగిలితేనే రుమాలు

మా తాలీములో పెద్దరికం గెలిచినవాడికి రాదు, దెబ్బ తిన్నవాడికి వస్తుంది. ఈ మాట చెబితే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. ఆదిలాబాదుకు బదిలీ అయిన కొత్తలో, జిన్నింగు మిల్లు వెనక కుస్తీలు పట్టే మరాఠీ పహిల్వానులకు చెప్పి చూశాను. మాస్తరు ఎక్కడో తన్నులు తిని వచ్చి దానికి కథ అల్లుతున్నాడని వాళ్లలో వాళ్లు మరాఠీలో అనుకున్నారు. నాకు మరాఠీ అర్థం కాదనుకున్నారు, పాపం.

మాది కరీంనగర్ నుంచి కొండగట్టు పోయే తోవలో ఉన్న చిన్న పట్నం. అక్కడ కర్రసాము నేర్పే తాలీము ఒకటి ఉండేది. పోలీసు చర్య తర్వాత కొన్నాళ్లు దానికి తాళం పడింది. నలుగురు కర్రలు పట్టుకుని నిలబడితే ఠాణా నుంచి మనిషి వచ్చేవాడు. ఆ భయం తగ్గి తలుపు మళ్లీ తెరిచాక జరిగిన ముచ్చట ఇది. అప్పటికి నేను బడిలో కొత్తగా చేరిన పంతులును. వయసు ఇరవై నాలుగు, ముక్కు మీద కోపం, దానికి తోడు కర్ర బాగా తిప్పుతానన్న పొగరు.

మా ఉస్తాద్ దూదేకుల ఆయన. పగలంతా పరుపులకు దూది ఏకేవాడు, పొద్దునా సాయంత్రం మాకు కర్ర నేర్పేవాడు. కొత్తగా చేరినవాడు మొదట నేల తవ్వి, రాళ్లు ఏరి, నీళ్లు చల్లాలి. అది నెలలు నడుస్తుంది. తర్వాత కర్ర చేతికిచ్చి శాగిర్దు, అంటే శిష్యుడు, అంటారు. శాగిర్దుల మీద ఖలీఫా. ఉస్తాద్ లేనప్పుడు నేర్పే హక్కు ఖలీఫాది. ఆయన తలకు ఉస్తాద్ తన చేత్తో తెల్ల రుమాలు కడతాడు. పీర్ల పండుగ ఊరేగింపులో రుమాళ్లు కట్టుకున్నవాళ్లు ముందు వరుసలో కర్ర తిప్పుతూ నడుస్తారు. రుమాలు లేని బోడి తలలవాళ్లం మూడో వరుసలో, డప్పుల వెనక.

ఖలీఫా కావాలనుకున్నవాడు ఒక మనిషిని తీసుకుని ఏడాది పాటు నేర్పాలి. పండుగకు ముందు రోజు ఆ ఇద్దరూ అందరి ముందు తలపడాలి. కర్రల కొసలకు గుడ్డ చుట్టి, వాకిళ్లకు పూసే ఎర్ర జాజులో ముంచుతారు. మూడు పట్లలో, అంటే మూడు విడతల పోరులో, ఒక్కసారైనా శిష్యుడి కర్ర గురువు ఒంటి మీద మరక వెయ్యాలి. పడకపోతే రుమాలు లేదు. పోనీలే అని కావాలని పడనిచ్చావా, ఇక జన్మలో లేదు. ఉస్తాద్ కళ్లు కప్పడం ఎవరి తరమూ కాదు.

"నిన్ను కొట్టెటోన్ని నువ్వే తయారు చెయ్యాలె" అనేవాడు ఆయన. "లేకుంటె నువ్వు సగం ఇచ్చి సగం దాసుకున్నట్టె."

నేను దాచుకున్నది ఒకటి ఉంది. ఏడేళ్లప్పుడు మా బాపు తోలుతున్న బండి వాగులో ఒరిగి నా ఎడమ భుజం విరిగింది. కట్టు కట్టించారు, ఎముక అతుక్కుంది. కానీ చెయ్యి భుజం ఎత్తు వరకే లేస్తుంది, ఆ పైకి పోదు. తలకు ఎడమ పక్కన పడే దెబ్బను ఆపాలంటే ఎడమ చెయ్యి పైకి లేవాలి. నాది లేవదు కాబట్టి, ఆ దెబ్బ వచ్చినప్పుడల్లా గబగబా రెండడుగులు వెనక్కి వేసి తప్పించుకునేవాణ్ణి. చూసేవాళ్లకు అది నా సొగసు అనిపించింది. చిన్నవాళ్లు దాన్ని చూసి నేర్చుకున్నారు. ఒకడైతే దానికి "పంతులు అడుగు" అని పేరు కూడా పెట్టాడు. నా అవిటితనానికే పేరు పెట్టి మెచ్చుకుంటుంటే నేను మీసం దువ్వుకుంటూ విన్నాను.

మా బాపు కూడా నమ్మాడు. నేను కర్ర తిప్పడం చూసిన రోజు నుంచి, కొడుకు చెయ్యి బాగైపోయిందని హోటలు దగ్గర అందరికీ చెప్పుకునేవాడు. బండి తోలింది తానే కదా, ఆ బరువు దిగినట్టయింది ఆయనకు. ముందు వరుసలో నేను రుమాలుతో నడవడం ఒక్కసారి చూడాలని ఆయన కోరిక. నిజం చెప్పాలంటే ఆయన కంటే నాకే ఎక్కువ.

నేను ఎంచుకున్న శిష్యుడు నాకంటే పదేళ్లు పెద్దవాడు, సాలెవాడకట్టు మనిషి. నేసిన చీరలు భుజాన వేసుకుని అంగళ్లకు నడిచిపోతుంటే అడవి తోవలో ఇద్దరు కొట్టి మూట గుంజుకున్నారట. వాళ్ల అబ్బాయి నా తరగతిలోనే ఉండేవాడు.

"మా పోరనికి సదువు జెప్తుండ్రు, నాకు జర కర్ర జెప్పుండ్రి సారూ" అన్నాడు.

"చెప్త గని, పొద్దుగాల్నే రావాలె అన్నా. మగ్గం ఉన్నది, పని ఉన్నది అంటె నడ్వది."

వచ్చాడు. మనిషి బక్కపలుచన, మాట నెమ్మది, చేతులు మాత్రం ఒకసారి చూపిస్తే మర్చిపోవు. నాకు వచ్చినవన్నీ నేర్పాను. ఎడమ తల దెబ్బ దగ్గరికి వచ్చేసరికి నా రెండడుగులే నేర్పాను. నాకు తెలిసింది అదే.

"ఎనకకు పోనీకె జాగ లేకుంటె ఏం జెయ్యాలె సారూ?" అని అడిగాడు ఒకరోజు.

"జాగ సూస్కొని నిలబడాలె" అని కసిరాను. మళ్లీ అడగలేదు.

పండుగ ముందు రోజు తాలీము నిండిపోయింది. బాపు తలుపు పక్కన, అందరికంటే ముందు నిలబడ్డాడు. మొదటి పట్టులో నేనే రెండు మరకలు వేశాను. రెండో దాంట్లో ఎవరికీ తగల్లేదు. మూడో పట్టు సగంలో, ఆయనను నా మీదికి రానీయకుండా ఆయన తలకు ఎడమ పక్కకు కర్ర విసిరాను. నేను నేర్పినట్టు వెనక్కి పోవాలి కదా. పోలేదు. మోకాళ్లు వంచి, ఒక్క అడుగు ముందుకు, నా కర్ర కిందికి వచ్చాడు. నా దెబ్బ ఆయన వీపు అవతల గాలిలో పోయింది. ఆయన కర్ర కొస నా ఎడమ డొక్కలో దిగింది. బనీను మీద అరచేతంత ఎర్ర మరక.

చప్పట్లు మోగాయి. బాపు అయితే పక్కవాళ్ల భుజాలు పట్టి ఊపేస్తున్నాడు. ఉస్తాద్ రుమాలు చేతిలోకి తీసుకుని నా దాకా వచ్చి ఆగాడు.

"గా అడుగు ఎవరు నేర్పిండ్రు?" అని శిష్యుణ్ణి అడిగాడు.

"సారే నేర్పిండు" అన్నాడాయన, తల కూడా ఎత్తకుండా.

ఉస్తాద్ నా వైపు తిరిగాడు. "అచ్చా. అట్లయితె ఒకపారి నువ్వు చేసి సూపియ్యి బేటా."

చేసినట్టు నటించవచ్చు, కాలు జారిందనవచ్చు, రేపు చూపిస్తాననవచ్చు. ఇవన్నీ ఆలోచించాను, ఆలోచించలేదని అబద్ధం చెప్పను. తలుపు దగ్గర బాపు నోరు తెరుచుకుని నవ్వుతూనే ఉన్నాడు.

"నేను నేర్పలే ఉస్తాద్" అన్నాను. "నాకు రాదు. నా ఎడమ చెయ్యి పైకి లేవది. చిన్నప్పటి సంది లేవది. గందుకే ఎనకకు పోత."

ఉస్తాద్ రుమాలు మడత పెట్టుకున్నాడు. ఆయన ముఖంలో ఆశ్చర్యం లేదు. "ఆరేండ్ల సంది సూస్తున్న. ఎన్నడు జెప్తవో అనుకున్న. నువ్వు నేర్పని అడుగుతోని తాకిన దెబ్బకు రుమాలు లేదు" అన్నాడు. తర్వాత సాలె ఆయనను అడిగాడు. "నిజం జెప్పు, ఏడ నేర్చుకున్నవ్?"

ఆయన నావైపు ఒకసారి చూసి, చెప్పక తప్పదన్నట్టు చెప్పాడు. "మా ఇంట్లనే. మగ్గానికి, గోడకు నడుమ నిలబడి సాము చేస్తుంటి. ఎనకకు పోదామంటె గోడ, చెయ్యి లేపుదామంటె నెత్తి మీద దూలం. ఇగ ముంగటికే పోవాలె గద."

ఆ సాయంత్రం బాపు అన్నం ముందు కూర్చుని చెయ్యి కడగలేదు. "ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలే బిడ్డా?" అన్నాడు.

"నువ్వు సంబురపడ్తుంటివి బాపు" అన్నాను. మరునాడు డప్పుల వెనక మూడో వరుసలో నడిచాను. బాపు ఊరేగింపుకు రాలేదు. నాకు అవమానం కంటే అదే ఎక్కువ నొప్పి పెట్టింది.

వారం తిరక్కుండా సాలెవాడకట్టుకు పోయి వాళ్ల తలుపు కొట్టాను.

"గా అడుగు నాకు నేర్పు అన్నా."

"అయ్యో, మీకు నేను నేర్పుడేంది సారూ!" అన్నాడు గానీ మగ్గం మీద నుంచి లేచాడు. కర్రను సగానికి పట్టుకుని ఆ ఇరుకు సందులో నిలబడ్డాం. చెయ్యి పైకి లేపే పనే లేదు ఆ అడుగులో. ఎడమ చెయ్యి రొమ్ము దగ్గరే ఉంటుంది, పనంతా మోకాళ్లది, కుడి చేతిది. నా కోసమే ఎవరో తయారు చేసినట్టుంది. అయినా రావడానికి నెలలు పట్టింది. ఎన్నేళ్లుగానో వెనక్కి పోవడం అలవాటైన కాళ్లు కదా, ఎన్నిసార్లు గోడకు గుద్దుకున్నానో లెక్కలేదు. నూలు కండెలు చుట్టుకుంటూ వాళ్ల ఇంటావిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. బడిలో నా చేతి బెత్తం తిన్న వాళ్లబ్బాయి గడప మీద కూర్చుని, "మోకాలు వంచుమంటున్నడు గద సార్" అని గుర్తు చేసేవాడు. వాడికి ఆ ఏడాదంతా పండుగే. నాకు కోపం వచ్చేది, మింగేవాణ్ణి.

మళ్లీ పండుగ ముందు రోజు వచ్చింది. మళ్లీ నేను గురువును, ఆయన శిష్యుడు. నా లెక్క సులువు. నేను నేర్పిన దెబ్బల్లో ఏదో ఒకటి ఆయన కర్రతో నాకు తగిలితే చాలు, రుమాలు నాది. బాపు ఈసారి తలుపు బయట, చివరగా నిలబడ్డాడు.

మొదటి పట్టులో ఆయన నా ఎడమ తల మీదికి వచ్చాడు. నేను ముందుకు వెళ్లాను. తగల్లేదు. రెండో పట్టులో డొక్కకు వచ్చాడు, అదీ తగల్లేదు. ఆయన పాపం ప్రాణం పెట్టి కొడుతున్నాడు, నాకు రుమాలు ఇప్పించాలని. ఆయన నేర్పిన అడుగే ఆయనను ఆపుతోంది. ఒక్కసారి మోకాలు వంచడం మానేస్తే పని అయిపోతుందని నాకు తెలుసు. ఉస్తాద్ కూడా నా మోకాళ్లనే చూస్తున్నాడు. మూడో పట్టులో ఆయన చివరి దెబ్బ విసిరినప్పుడు, ఆలోచించే లోపలే నా కాలు ముందుకు పడింది. నా కర్ర ఆయన రొమ్ము మీద ఎర్రగా అచ్చు వేసింది. అంతే, అయిపోయింది. నా బనీను మల్లెపువ్వులా తెల్లగా ఉంది. దాన్ని చూసుకుంటే ఏడుపు వచ్చింది.

"మాఫ్ చెయ్యుండ్రి సారూ, నాతోని కాలే" అన్నాడాయన, రొప్పుతూ.

ఉస్తాద్ లేచి వచ్చాడు. "నీకు గీ అడుగు నేర్పిందెవరు పంతులూ?"

"ఈయననే."

"అంటె నువ్వు ఈయిన శాగిర్దువు. ఏడాది నేర్చుకున్నవ్. శాగిర్దు దెబ్బ ఉస్తాదుకు తాకింది. రివాజు అదే గద?"

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. నాకే ముందు అర్థమైంది. ఉస్తాద్ రుమాలు విప్పి, సాలె ఆయన తలకు చుట్టడం మొదలుపెట్టాడు. ఆయన వద్దు వద్దని చేతులు అడ్డం పెట్టాడు. ఉస్తాద్ ఆ చేతుల మీద ఒక్కటి వేశాడు. కట్టడం అయ్యాక కొత్త ఖలీఫా కాళ్లకు మొదట ఆయన శాగిర్దు మొక్కాలి. నేను వంగాను. అసూయ లేదా అంటే ఉంది, గొంతు దాకా ఉంది. కానీ ఆ కాళ్లు ముట్టుకున్నప్పుడు, ఈ మనిషి లేకపోతే నేను చచ్చేదాకా వెనక్కే పోతుండేవాణ్ణి కదా అనిపించింది. ఆయన నన్ను లేపి గట్టిగా పట్టుకున్నాడు. ఇద్దరికీ జాజు అంటింది.

నేను తల ఎత్తి తలుపు వైపు చూడటానికి భయపడ్డాను. అప్పుడు బయట నుంచి బాపు గొంతు వినిపించింది. పక్కన నిలబడ్డ ఎవరికో చెబుతున్నాడు.

"రుమాలు కట్టిచ్చింది నా కొడుకే."

ఆ పక్కాయనకు ఆ గోలలో వినపడలేదేమో. బాపు మళ్లీ చెప్పాడు, ఈసారి ఇంకా గట్టిగా.